నిండుకున్న ఇల్లు

సుబ్రాయ భట్టుకి పెద్ద చిక్కే వచ్చిపడింది. వాదించడానికి మనిషి దొరకడం లేదు.

కూర్మనాథ శాస్త్రిగారి పాఠశాలలో తర్కం చదివే వాళ్ళందరినీ అతను ఓడించేశాడు. ఆఖరికి భిక్షకి వచ్చిన ఒక బైరాగిని కూడా వదల్లేదు. ఆ బైరాగి జోలె సర్దుకుని, "నువ్వే గెలిచావు నాయనా, కాస్త అన్నం పెట్టించు" అన్నాడు. సుబ్రాయుడు దాన్ని కూడా తన గెలుపుల్లో కలిపేసుకున్నాడు.

అతనిది ఈ దేశం కాదు. వానలు తప్పడమంటే ఏమిటో తెలియని పడమటి కొండల్లోంచి, శాస్త్రిగారి పేరు విని ఈ మెట్ట ఊరికి వచ్చాడు. తెలుగు ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నాడు. బాగానే నేర్చాడు. ఏ మాటనైనా ఎముకలు లెక్కపెట్టినట్టు విడదీసి, ఇది ధాతువు, ఇది ప్రత్యయం అని చూపించేవాడు. పాఠాలు ఎలాగూ సంస్కృతంలోనే సాగేవి కాబట్టి, వీధిలో జనం ఎలా మాట్లాడుకుంటారో అతనికి పెద్దగా పట్టలేదు.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. అంతకు ముందు ఏడు కూడా అంతే. ఊళ్ళో చింతపిక్కలు ఉడకబెట్టుకు తినే రోజులు వచ్చాయి. పాఠశాల గాదెలో మాత్రం, జమీందారుగారి పుణ్యమా అని, గింజలు ఉన్నాయి. పిల్లలు రెండు పూటలా తిని పాఠాలు చెప్పించుకుంటూనే ఉన్నారు.

ఒక ఉదయం సుబ్రాయుడు గురువుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"జమీందారుగారి సభలో వాదానికి వెళ్తాను గురువుగారూ. సెలవివ్వండి."

"ఏ విషయం మీద?"

"మాట ప్రమాణమని నిరూపిస్తాను. నమ్మదగిన మనిషి చెప్పిన మాట, కళ్ళతో చూసినదానికి ఏమాత్రం తీసిపోదని."

శాస్త్రిగారు చేతిలోని తాటాకుల మీంచి తల ఎత్తలేదు. "కరువు వెళ్ళనీ" అన్నారు.

"కరువుకీ దీనికీ ఏమిటి సంబంధం? నిప్పు ఎక్కడుందో పొగ చెప్తుంది. మనసులో ఏముందో మాట చెప్తుంది. ఈ దారులన్నీ తెలిసినవాడికి బతుకులో తెలియనిదంటూ ఏం మిగులుతుంది?"

శాస్త్రిగారు అప్పుడు తల ఎత్తి శిష్యుణ్ణి చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఆ రోజు ఆయనకి కోపం వచ్చి నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే ఎంత బాగుండేదో అని ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

"సాలెవీధికి వెళ్ళు" అన్నారు. "ఇంటింటికీ వెళ్ళి గింజలున్నాయో లేదో అడుగు. మన గాదెలో ఉన్నది ఊరందరికీ చాలదు. లేని ఇళ్ళేవో తెలుసుకుని రా. వాళ్ళకి ఇద్దాం."

కరువొస్తే ముందు దెబ్బతినేది నేతగాడే. కడుపుకి గింజ కొనుక్కోలేనివాడు చీరేం కొంటాడు? సాలెవీధిలో మగ్గాల చప్పుడు ఆగిపోయి చాలా కాలమైంది. మగ్గం గుంటల్లో నేతగాళ్ళు కూర్చోవలసిన చోట కోళ్ళు కూడా లేవు. వాటినీ ఎప్పుడో తినేశారు.

సుబ్రాయుడు స్నానం చేసి మడి కట్టుకుని ఉన్నాడు. అందుకని ఏ గుమ్మమూ ఎక్కకుండా వీధి మధ్యలో నిలబడే అడిగాడు. ఎవరూ దాచుకోలేదు. "నేదు బాబూ" అన్నారు. ఒక ముసలాయన చొక్కా లేని పొట్ట మీద చెయ్యి వేసి చూపించాడు. ఒకామె కాళ్ళ మీద పడబోతే సుబ్రాయుడు వెనక్కి తప్పుకున్నాడు.

పొద్దుగూకే వేళకి చేరిన చివరి ఇల్లు చౌడమ్మది. ఆమె మొగుడు అమ్ముడుపోని చీరలన్నీ మూటకట్టుకుని సముద్రం వైపు ఊళ్ళకి వెళ్ళాడు. వెళ్ళిన మనిషి నుంచి ఏ కబురూ లేదు. ఇంట్లో ఆమె, మూడేళ్ళ కూతురు. అప్పుడే సందె దీపం పెట్టిందేమో, గడపకి పసుపు పచ్చగా ఉంది. పిల్ల తల్లి కుచ్చిళ్ళు పట్టుకుని ఇతన్ని తొంగి చూసింది.

"అమ్మా, ఇంట్లో గింజలున్నాయా?"

చౌడమ్మ లోపల వెలుగుతున్న దీపం వైపు చూసింది. మొగుడు పొరుగూళ్ళో ఉన్నాడు. దీపం వేళ. గొంతు తగ్గించి చెప్పింది.

"నిండుకున్నాయి బాబూ."

సుబ్రాయుడి ముఖం వెలిగిపోయింది. ఇంత దరిద్రపు వీధిలో ఒక్క ఇల్లైనా చల్లగా ఉందని నిజంగానే సంతోషించాడు. పాడు బుద్ధితో చేసిన పని కాదు అది. నడుస్తూ నడుస్తూ ఆ మాటని అలవాటుగా విడదీసుకున్నాడు. నిండు అంటే అతనికి తెలుసు. నిండు కుండ, నిండు చందమామ, నిండు నూరేళ్ళు. దానికి 'కొను' చేరితే, తమంతట తాము నిండినవి. ఎంత అందమైన మాట అనుకున్నాడు.

పక్కన తెలుగు తల్లి కడుపున పుట్టినవాడు ఒక్కడున్నా, ఆ మాటకి అర్థం చెప్పి ఉండేవాడు. దీపం పెట్టిన ఇంట్లో గింజలు అయిపోయాయని మన ఆడవాళ్ళు నోటితో అనరని మనకి ఎవరూ పాఠం చెప్పలేదు, తల్లి వంట చేస్తుంటే విని నేర్చుకున్నాం. సుబ్రాయుడి తల్లి వంటిల్లు వేరే భాషలో ఉంది. ఇక పాఠశాలలో ఉన్న రెండేళ్ళలో గాదె ఒక్కసారీ నిండుకోలేదు. ఆ మాట వినే అవసరం అతనికి రాలేదు.

తిరిగి వచ్చి గురువుగారితో చెప్పాడు. "వీధంతా లేమే గురువుగారూ. చివరి ఇంట్లో మాత్రం నిండుగా ఉన్నాయి."

"చౌడమ్మ ఇంట్లోనా?"

"ఆవిడ నోటితోనే చెప్పింది. అబద్ధమాడే మనిషిలా లేదు."

శాస్త్రిగారు ఒక్క క్షణం ఆగారు. "సరే" అన్నారు.

మర్నాటి నుంచి విద్యార్థులు బుట్టల్లో బియ్యం మోసుకెళ్ళి సాలెవీధిలో ఇంటింటికీ పోశారు. చివరి ఇంటి ముందు నుంచి తిరిగి వచ్చేశారు. "ఆ ఇంటికేటి, పొయ్యరా?" అని ఎవరో అడిగితే, "ఆ ఇంట్లో నిండుగా ఉన్నాయట" అని చెప్పారు.

ఆ మాట వీధిలో పాకింది. ఆకలితో ఉన్నవాళ్ళకి అంతకంటే మంట పుట్టించే మాట ఏముంటుంది? మొగుడు ఎక్కణ్ణుంచో పంపి ఉంటాడన్నారు. మనకి తెలియకుండా దాచుకుంటోందన్నారు. పక్కింటి ఎర్నమ్మ అప్పటిదాకా తనకి దొరికిన గంజిలో ఒక లోటా ఆ పిల్లకి పోసేది. ఆమె కూడా మానేసింది.

చౌడమ్మకి ఇదేమీ తెలియదు. బుట్టలు తన ఇంటి దాకా వచ్చి వెనక్కి వెళ్ళడం చూసింది. నిన్నటిదాకా మాట్లాడినవాళ్ళు ముఖం తిప్పుకోవడం చూసింది. ఏం తప్పు చేశానో అనుకుంది. పిలిచి అడగడం ఆమెకి చేతకాలేదు. తలుపు వేసుకుంది.

ఇచ్చిన గింజలు ఎన్నాళ్ళు వస్తాయి? అవి అయిపోయాక ఒక తెల్లవారుజామున వీధి మగవాళ్ళు నలుగురు కూడబలుక్కుని, దాచిన గింజలు లాక్కుందామని చౌడమ్మ తలుపు తోశారు. తలుపుకి గడియ కూడా లేదు. లోపల కుండలన్నీ బోర్లించి ఉన్నాయి. కడిగినట్టు శుభ్రంగా ఉన్నాయి. చౌడమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో పిల్ల ఉంది. పిల్ల చల్లబడి ఎంతసేపైందో ఎవరికీ తెలియలేదు.

దొంగతనానికి వెళ్ళిన నలుగురూ పాఠశాల ముందుకి వచ్చి పడ్డారు. వాళ్ళ వెనకే ఆడవాళ్ళు వచ్చారు. అందరికంటే ముందు ఎర్నమ్మ అరిచింది.

"ఆ ఇంట్లో గింజలున్నాయని ఎవులు సెప్పినారు? నా సేత్తో నాను ఆ పిల్లకి గంజి మాన్పించీసినాను. ఎవులు సెప్పినారు?"

సుబ్రాయుడు ముందుకి వచ్చాడు. "నేనే చెప్పాను. నేను కల్పించలేదు. ఆమే అంది. 'నిండుకున్నాయి' అని అంది. ఈ చెవులతో విన్నాను."

వాకిట్లో అరుపులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఎర్నమ్మ నెత్తి మీద చేతులు పెట్టుకుని అలాగే కూలబడింది. మగవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తోటి విద్యార్థులు తలలు దించుకున్నారు. ఒక్క సుబ్రాయుడికే ఏమీ అర్థం కాలేదు. అందరి ముఖాలూ వెతికాడు. ఆఖరికి గురువుగారి వైపు తిరిగాడు.

"నేను అబద్ధం చెప్పలేదు గురువుగారూ."

శాస్త్రిగారు లేచి అతని మణికట్టు పట్టుకున్నారు. ముసలాయన చేతిలో అంత బలం ఉందని సుబ్రాయుడికి అంతవరకు తెలియదు. సాలెవీధి పొడుగునా అలాగే నడిపించారు. చౌడమ్మ గుమ్మం దగ్గర సుబ్రాయుడి కాళ్ళు తమంతట తామే ఆగాయి. గురువుగారి కాళ్ళు ఆగలేదు. పట్టు కూడా వదల్లేదు.

లోపల ఒక పెద్ద కుండని నిలబెట్టి, శిష్యుడి చేతిని మోచేయి దాటేదాకా అందులో దింపారు.

"ఏముంది?"

"ఏమీ లేదు."

"ఆవిడ ఏమంది?"

"నిండుకు..." అని మొదలుపెట్టాడు సుబ్రాయుడు. కుండ అడుగున అతని వేళ్ళు మట్టిని గీరుతూ ఉండిపోయాయి.

శాస్త్రిగారు పక్కనున్న ఇంకో కుండ దగ్గర కూర్చుని, అందులో తన చెయ్యి పెట్టారు. చాలాసేపు తియ్యలేదు.

"నువ్వు ఆవిడ మాట విన్నావు. నేను నీ మాట విన్నాను" అన్నారు.

పిల్లని నీళ్ళు ఎండిపోయిన గెడ్డ ఒడ్డున పాతిపెట్టారు. నక్కలు తవ్వకుండా పైన తుమ్మకంప కప్పారు. చౌడమ్మ అక్కడిదాకా నడిచి వచ్చింది, చూసింది, వెళ్ళిపోయింది. ఏడవలేదు.

సుబ్రాయుడు గదిలోంచి తన తాళపత్రాల కట్టలన్నీ తెచ్చి గురువుగారి కాళ్ళ దగ్గర పడేశాడు. అతని ముఖం చూడ్డానికి భయం వేసేలా ఉంది.

"నాకీ తర్కం వద్దు. దీంతో నేనొక పిల్లని చంపాను."

"తర్కం ఏం చేసిందిరా పాపం" అన్నారు శాస్త్రిగారు. "దాన్ని నువ్వు వీధిలోనే నిలబెట్టేశావు."

వంటింట్లోకి వెళ్ళి ఒక గిన్నెలో పలచగా గంజన్నం పోసి తెచ్చి అతని చేతికి ఇచ్చారు. "ఆవిడ బతకాలి" అన్నారు.

ఆ రోజు నుంచి రోజూ పొద్దున సుబ్రాయుడు గిన్నె పట్టుకుని సాలెవీధి చివరిదాకా వెళ్ళేవాడు. మొదట్లో గిన్నె ముందు పెట్టి ఊరికే వచ్చేవాడు కాదు. ఆమెకి ధైర్యం చెప్పాలనుకున్నాడు. తనకి వచ్చినదే చెప్పాడు. పుట్టినదానికి పోవడం తప్పదమ్మా అన్నాడు. దేహం వేరు, లోపలున్నది వేరు అన్నాడు. పోయినదాని కోసం ఉన్నదాన్ని ఎండగట్టుకోవడం న్యాయం కాదన్నాడు.

"అవును బాబూ" అనేది చౌడమ్మ. ఏం చెప్పినా "అవును బాబూ" అనేది. ఇంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషి అతనికి ఏ వాదంలోనూ తగల్లేదు. అతని మాటలు ఇంతగా వృథా అయిన రోజు కూడా లేదు.

"మీరెళ్ళండి బాబూ. నాను తింటాను."

మర్నాడు వెళ్ళేసరికి గిన్నె కడిగి గుమ్మం పక్కన బోర్లించి ఉండేది. సుబ్రాయుడి గుండె కొంచెం తేలికపడేది. కానీ ఆమె బుగ్గలు ఇంకా లోపలికే పోతున్నాయి. గోడ పట్టుకుంటే తప్ప లేవలేకపోతోంది.

పాఠశాల గాదెలోనూ గింజలు అడుగంటాయి. విద్యార్థులకి ఇప్పుడు ఒక్క పూటే భోజనం. ఒక రోజు ఆకుల ముందు కూర్చున్నప్పుడు శాస్త్రిగారు అడిగారు.

"ఆవిడ తింటోందా?"

తింటోందని చెప్పడానికి సుబ్రాయుడు నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు.

"గిన్నె ఖాళీగా ఉంటోంది గురువుగారూ. ఆవిడ తింటోందో లేదో నాకు తెలియదు."

"మరి ఇక్కడేం చేస్తున్నావు?"

సుబ్రాయుడు ఆకు ముందు నుంచి లేచాడు. సాలెవీధికి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. చౌడమ్మ ఇల్లు తెరిచే ఉంది, ఆమె లేదు. ఎటు వెళ్ళిందని అడిగితే ఎర్నమ్మ గెడ్డ వైపు చూపించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఒడ్డున తుమ్మకంప పక్కన చౌడమ్మ కూర్చుని ఉంది. పొద్దున అతను తెచ్చిచ్చిన గిన్నె ఆ మట్టి దిబ్బ మీద ఉంది.

"తినమ్మా. సల్లారిపోతాది" అంటోంది.

అని, అటు వీపు పెట్టి తిరిగి కూర్చుంది. పిల్ల తింటుంటే తల్లి కూడా తేరిపార చూడకూడదు, దిష్టి తగులుతుంది. ఆమె అలా తిరిగిందో లేదో, పొదల వెనక నుంచి ఎముకలు బయటపడ్డ కుక్క ఒకటి వచ్చింది. చప్పుడు లేకుండా గిన్నె నాకేసి వెళ్ళిపోయింది. ఈ పనికి అది అలవాటు పడిపోయినట్టే ఉంది.

కాసేపటికి చౌడమ్మ ఇటు తిరిగింది. ఖాళీ గిన్నె చేతిలోకి తీసుకుంటూ సుబ్రాయుణ్ణి చూసింది. దొరికిపోయానన్న భయం ఆమె ముఖంలో లేదు. అంత సంతోషం ఆ ముఖంలో అతను ఎప్పుడూ చూడలేదు.

"సూడండి బాబూ. ఆకలితో ఎలిపోయిన పిల్ల గదా. ఒక్క మెతుకు మిగల్చడం నేదు."

సుబ్రాయుడి నాలుక చివరికి మాట వచ్చేసింది. గిన్నె ఖాళీ అయినంత మాత్రాన పిల్లే తిన్నదని ఎలా అవుతుంది? ఇంకో కారణం అదిగో, పొదల్లో మూతి నాక్కుంటూ పడుకుని ఉంది. చెయ్యి చాపి చూపిస్తే చాలు. చిన్నపిల్లాడు కూడా గెలిచే వాదం. గెలిచాక ఆమెకి ఏం మిగులుతుందా అని ఆలోచించాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇసుకలో ఆమెకి కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"తినేసిందా అమ్మా?"

"తినేసింది బాబూ."

"కడుపు నిండా?"

"ఊఁ."

"పిల్ల తిన్నాక తల్లి తింటుంది కదమ్మా?"

చౌడమ్మ అతని వైపు చూసింది. గిన్నె వైపు చూసింది. అవును బాబూ అనలేదు. కాదనీ అనలేదు.

"ఇక్కడే ఉండు. వచ్చేస్తా" అని చెప్పి సుబ్రాయుడు పాఠశాలకి పరుగెత్తాడు. తినకుండా వదిలి లేచిన తన ఆకుని అలాగే మడిచి తెచ్చి, ఆమె ముందు ఇసుకలో పరిచాడు. ఈసారి లేచి వెళ్ళలేదు, ఒక్క మంచి మాట కూడా చెప్పలేదు. ఎండలో అలాగే కూర్చున్నాడు. చాలాసేపటికి ఆమె చెయ్యి అన్నంలోకి వెళ్ళింది. ఒక ముద్ద తిన్నది. రెండోది తిన్నది. మూడో ముద్ద నోట్లో ఉండగానే, పిల్ల పోయాక మొదటిసారి, ఏడుపు వచ్చేసింది. నోట్లో అన్నంతోనే ఆ మట్టి మీద పడి పెద్దగా ఏడ్చింది. సుబ్రాయుడు ఆపమనలేదు. తనూ ఏడ్చాడు.

పొద్దు వాలుతుండగా అతను గురువుగారి దగ్గరికి తిరిగి వచ్చాడు. శాస్త్రిగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ముందు పుస్తకం లేదు.

"తింటోందా?"

"మూడు ముద్దలు గురువుగారూ. నేను చూశాను."

"ఏం చెప్పి తినిపించావు?"

సుబ్రాయుడు తల వంచుకున్నాడు. కుక్క సంగతి చెప్పాడు. ఆ గిన్నె రోజూ ఎక్కడికి వెళ్తోందో చెప్పాడు.

"పాపే తిన్నదని ఒప్పుకున్నాను. అది నిజం కాదని తెలిసే ఒప్పుకున్నాను."

లోపల వంటింట్లో ఎవరో గాదె అడుగున చీపురుతో గింజలు పోగుచేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఇద్దరూ ఆ చప్పుడు విన్నారు.

"రేపటి నుంచి రెండు గిన్నెలు తీసుకెళ్ళు" అన్నారు.